గ్లాసు పగిలితేనే తప్పా?

వంటింట్లోంచి ఖంగుమని చప్పుడు. ‘ఏం పడేశావురా?’ హాల్లోంచే అడుగుతుంది అమ్మ. ‘స్టీలు గ్లాసమ్మా’ అంటాడు వాడు. ‘చూసుకుని పట్టుకోవాలి కదా’ అనేసి ఆవిడ మళ్లీ సీరియల్లో పడిపోతుంది. మర్నాడు అదే పిల్లాడు, అదే పరధ్యానంతో గాజు గ్లాసు జారవిడుస్తాడు. అదీ, చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే బీరువాలోంచి బయటికొచ్చే సెట్టులోది. ఇక చూస్కోండి... వీపు విమానం మోతే! వాడెంత నిర్లక్ష్యపు మనిషో ఆ సాయంత్రం నాన్న దగ్గర్నుంచి పక్కింటి పిన్నిగారి దాకా అందరికీ తెలిసిపోతుంది.

నిజానికి రెండుసార్లూ వాడు చేసింది ఒకటే. చెయ్యి జారింది. మారిందల్లా గ్లాసు. మరి దెబ్బలు పడింది చెయ్యి జారినందుకా, గ్లాసు పగిలినందుకా?

ఇంట్లో అయితే ఈ ప్రశ్న రాత్రి భోజనాల వేళకి మరుగున పడిపోతుంది. కానీ, కిందపడింది గ్లాసు కాకుండా మనిషైతే? విరిగింది అతని మెడైతే? 2014లో ఆస్ట్రేలియా మొత్తం తలపట్టుకుని కూర్చున్న ప్రశ్న ఇదే.

అక్కడివాళ్లకు రగ్బీ లీగ్ అంటే ప్రాణం. జట్టుకి పదమూడు మంది. ఎనభై నిమిషాల ఆట. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని ఒకడు దూసుకొస్తుంటాడు. ఎదుటి జట్టువాళ్లు అతణ్ని పట్టి, కింద పడేసి ఆపాలి. దాన్నే టాకిల్ అంటారు. ఆరు టాకిళ్లు అయ్యేలోపు పని కాకపోతే బంతి అవతలివాళ్లకి ఇచ్చేయాలి. కబడ్డీ చూసినవాళ్లకి ఇందులో అర్థంకానిదేం లేదు. కూతకొచ్చినవాణ్ని నలుగురు చుట్టుముట్టి ఎలా పట్టేస్తారో, ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ పట్టేవాడూ, పట్టుబడేవాడూ కూడా వంద కిలోల మనుషులు. ఎదురెదురుగా పరుగెత్తుకొచ్చి ఢీకొంటారు.

పట్టుకోవడం ఆటలో భాగమే. ఎలా పట్టుకుంటారన్నదే పేచీ. మన కబడ్డీలో గొంతు నులమకూడదు, నోరు మూయకూడదు, కాళ్లతో కత్తెర వేయకూడదు. రగ్బీ లీగ్‌లో ఉన్న ముఖ్యమైన కట్టుబాట్లలో ఒకటి, ఎదుటివాణ్ని తలకిందులుగా ఎత్తి పడేయకూడదని. ఎత్తినప్పుడు అతని తలో మెడో ముందుగా నేలను తాకే పరిస్థితి వస్తే అది ప్రమాదకరమైన టాకిలే. తగినంత జాగ్రత్తగా ఉన్నా ఆ పరిస్థితి తప్పేది కాదని తేలితేనే మినహాయింపు. ఈ నిబంధనలో ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. అందులో ‘దెబ్బ తగిలితే’ అన్న మాట లేదు. తగిలినా తగలకపోయినా తప్పు తప్పే.

కాగితం మీద ఇంత స్పష్టంగా ఉంది. మైదానంలో మాత్రం అంత స్పష్టంగా ఉండదు.

ఆరోజు 2014 మార్చి 24, సోమవారం రాత్రి. మెల్‌బోర్న్ స్టార్మ్ జట్టు సొంతగడ్డ మీద న్యూకాజిల్ నైట్స్‌తో ఆడుతోంది. విరామానికి ఇంకా కాసేపే ఉంది. న్యూకాజిల్ కుర్రాడు అలెక్స్ మెకినన్ బంతి పట్టుకుని ముందుకొచ్చాడు. స్టార్మ్ ఆటగాళ్లు ముగ్గురు అతణ్ని పట్టుకున్నారు. జెస్సీ, కెన్నీ అనే బ్రామ్‌విచ్ అన్నదమ్ములు ఇద్దరు, మూడోవాడు జోర్డన్ మెక్లీన్. ఆ పెనుగులాటలో మెకినన్ కాళ్లు గాల్లోకి లేచాయి. మెడ మీద పడ్డాడు. అంతా కలిపి రెండు మూడు సెకన్లు.

అలాంటి టాకిళ్లు అక్కడివాళ్లు ఎన్నో చూశారు. పడ్డవాడు లేచి మట్టి దులుపుకుంటాడు, ఓ చూపు చూస్తాడు, ఆట సాగిపోతుంది. ఈసారి పడ్డవాడు లేవలేదు. మెడలో నాలుగు, ఐదు వెన్నుపూసలు విరిగాయి. కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. మెకినన్ వయసు అప్పటికి ఇరవై రెండేళ్లు. ఇక జీవితంలో ఆడేది లేదు. టాకిల్ చేసిన మెక్లీన్‌కీ ఇరవై రెండేళ్లే. అంతకుముందు ఏడాదే పెద్ద జట్టులోకి వచ్చాడు.

ఆస్ట్రేలియా లీగ్‌లో ఇలాంటివి తేల్చడానికి పద్ధతంటూ ఒకటి ఉంది. రిఫరీ మైదానంలో పెనాల్టీ ఇస్తాడు. తర్వాత సమీక్ష సంఘం వీడియో చూసి తప్పు ఏ స్థాయిదో నిర్ణయిస్తుంది. ఆ రోజుల్లో స్థాయిని బట్టి పాయింట్లు వేసేవారు. వంద పాయింట్లయితే ఒక మ్యాచ్ నిషేధం. ముందే తప్పు ఒప్పేసుకుంటే పాతిక శాతం తగ్గింపు. ఒకరకంగా చలానా కట్టేసి వెళ్లిపోయినట్టు. కానీ మెక్లీన్ విషయంలో స్థాయి ఏదీ నిర్ణయించకుండా నేరుగా ‘జ్యుడీషియరీ’కి పంపేశారు. అది ఆటవాళ్ల కోర్టు. తీర్పు చెప్పేది మాజీ ఆటగాళ్లే. న్యాయశాస్త్రం తెలిసిన ఛైర్మన్ విచారణ నడిపిస్తాడు. ఒకప్పుడు తాము కూడా వందల సార్లు టాకిల్ చేసినవాళ్లు, చేయించుకున్నవాళ్లు కూర్చుని ఆ రెండు మూడు సెకన్ల వీడియోని తిప్పి తిప్పి చూడాలి.

మెక్లీన్ తప్పు ఒప్పుకోలేదు. అతని తరఫు వాదనని తేలిగ్గా తీసిపారేయడానికీ లేదు. పట్టుకున్నది ముగ్గురు, ఎవరి బలం ఎటు లాగిందో ఎవరు చెప్పగలరు? పడేటప్పుడు మెకినన్ తల కిందికి వంచాడు, అలా వంచకపోతే మెడ మీద భారం పడేది కాదు కదా? ఒక చేత్తో బంతి పట్టుకున్న మనిషి ఎలా పడతాడో ముందే ఊహించడం ఎవరి తరం? అవతలివాళ్ల జవాబూ బలంగానే ఉంది. ముందు కాళ్లు గాల్లోకి లేపిందెవరు? మనిషిని తలకిందులు చేశాక, వాడు తల ఎలా పెట్టుకోవాలో కూడా వాడికే నేర్పుతారా?

విచారణలో మెక్లీన్‌దే తప్పని తేల్చారు. ఏడు మ్యాచ్‌ల నిషేధం వేశారు. జట్టుకి సీజన్ మొత్తం మీద ఉండేవి ఇరవై నాలుగు మ్యాచ్‌లు.

అప్పుడు మొదలైంది అసలు రగడ. మనిషి మంచానపడితే ఏడు వారాలేనా అని సగం మంది. ఆటలో జరిగిన పొరపాటుకి కుర్రాణ్ని బలిపశువు చేశారని మిగతా సగం. పట్టుకున్నది ముగ్గురైతే శిక్ష ఒక్కడికేనా అని ఇంకొందరు. వీళ్లెవరూ తేలిగ్గా జవాబు చెప్పలేని ప్రశ్న మరొకటుంది. అదే టాకిల్‌లో మెకినన్ లేచి, మట్టి దులుపుకుని వెళ్లిపోయి ఉంటే ఏడు మ్యాచ్‌లు పడేవా?

అదిగో, మళ్లీ స్టీలు గ్లాసూ గాజు గ్లాసూ!

శిక్ష చేసిన పనికే తప్ప, దాని ఫలితానికి కాదని పట్టుబట్టి నిలబడ్డ రిఫరీలూ లేకపోలేదు. రగ్బీలో మరో రకం ఉంది, జట్టుకి పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్. ఆ ఆటలో 2011 ప్రపంచకప్ సెమీఫైనల్ ఆక్లాండ్‌లో జరిగింది. వేల్స్, ఫ్రాన్స్ తలపడుతున్నాయి. ఇరవై నిమిషాలైనా కాలేదు, వేల్స్ కెప్టెన్ శామ్ వార్‌బర్టన్ ఫ్రాన్స్ ఆటగాడు విన్సెంట్ క్లెర్క్‌ని ఎత్తి తలకిందులుగా వదిలేశాడు. రిఫరీ అలెన్ రోలండ్ తడుముకోకుండా ఎర్రకార్డు తీశాడు. క్లెర్క్‌కి ప్రాణం మీదికి వచ్చిందేమీ లేదు. అయినా వేల్స్ మిగతా గంటసేపూ పద్నాలుగు మందితోనే ఆడింది. 9-8 తేడాతో, అంటే ఒక్క పాయింటుతో ఓడిపోయింది. దేశం దేశమంతా రిఫరీ మీద విరుచుకుపడింది. సెమీఫైనల్‌ని పాడుచేశాడన్నారు. తర్వాత రోజుల్లో ఆ నిర్ణయం సరైనదేనని ఒప్పుకున్నది ఎవరో కాదు, వార్‌బర్టనే.

రోలండ్ ఆరోజు శిక్షించింది స్టీలు గ్లాసు జారినందుకు. అందుకే అంతమందికి కోపం వచ్చింది. ఏమీ పగల్లేదు కదా, ఎందుకంత హడావిడి అన్నారు.

దీనికి పూర్తిగా తిరగేసిన సంగతి కూడా ఒకటుంది. అది మన క్రికెట్ అభిమానుల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మెకినన్ పడిపోయిన ఏడాదే, 2014 నవంబరు 25న, సిడ్నీ మైదానంలో ఫిలిప్ హ్యూస్ 63 పరుగులతో ఆడుతున్నాడు. శాన్ అబాట్ బౌన్సర్ వేశాడు. హ్యూస్ పుల్ చేయబోయాడు, బంతి మెడ మీద తగిలింది. రెండు రోజుల తర్వాత ప్రాణం పోయింది. మరో మూడు రోజులుంటే అతనికి ఇరవై ఆరేళ్లు నిండేవి. బంతి వేసిన అబాట్‌కి ఇరవై రెండేళ్లు.

మెడ విరగడం కంటే ప్రాణం పోవడం పెద్ద నష్టం. ఫలితాన్ని బట్టే శిక్ష అయితే అబాట్‌ని జీవితాంతం ఆటకి దూరం చేయాలి. అలా ఎవరైనా అన్నారా? లేదు. ఆ కుర్రాణ్ని అందరూ కళ్లల్లో పెట్టుకుని కాపాడుకున్నారు. విచారణ జరిగింది. 2016లో తప్పు ఎవరిదీ కాదని తేల్చారు. ఎందుకంటే బౌన్సర్ వేయడం నిబంధనలు ఒప్పుకున్న పనే. అబాట్ దాటకూడని గీత ఏదీ దాటలేదు.

కాబట్టి గీత అక్కడుంది. అబాట్ చేసింది చేయదగిన పని, ఫలితం ఘోరం. వార్‌బర్టన్ చేసింది చేయకూడని పని, ఫలితం శూన్యం. మెక్లీన్‌ది చేయకూడని పని, ఫలితమూ ఘోరం. మొదటివాడికి శిక్ష లేదు, రెండోవాడికి ఉంది. మూడోవాడికి ఉండాలన్నదాంట్లో పెద్దగా సందేహం లేదు. ఎంత అన్నదే చిక్కు.

పనిని మాత్రమే చూడండి, ఫలితం వైపు కన్నెత్తొద్దు అని చెప్పడం తేలికే. మన చట్టాలే అలా చెప్పవు. ఇద్దరు కుర్రాళ్లు ఒకే వీధిలో ఒకే వేగంతో బండి తోలారనుకుందాం. ఒకడి దారికి ఎవరూ అడ్డు రాలేదు. రెండోవాడి ముందుకి బంతి వెనకాల పరుగెత్తుకుంటూ ఒక పసివాడు వచ్చాడు. భారతీయ న్యాయ సంహిత ప్రకారం నిర్లక్ష్యంగా బండి నడిపినందుకు ఆరు నెలల దాకా జైలు. అదే నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్ల దాకా. ఇద్దరూ తిప్పింది ఒకే యాక్సిలరేటరు. మొదటివాడు ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటాడు. రెండోవాడు బతికినన్నాళ్లూ ఆ వీధిలోనే ఉండిపోతాడు.

ఇది న్యాయమేనా అంటే, పసివాణ్ని పోగొట్టుకున్న ఇంటి ముందు నిలబడి కాదనగలిగే గుండె ఎవరికుంది? ఏడు మ్యాచ్‌లు చాలవన్నవాళ్ల బాధ కూడా అలాంటిదే. ఒక మనిషి మళ్లీ తన కాళ్ల మీద తాను నిలబడలేకపోతే, దానికి బదులుగా ఎంతో కొంత బరువున్నది ఏదైనా తక్కెట్లో వేయాలనిపిస్తుంది. కానీ ఏం వేస్తే సరితూగుతుంది? ఏడు కాదు, డెబ్భై మ్యాచ్‌లు వేసినా మెకినన్ వెన్నుపూస అతుక్కోదు. నష్టాన్ని శిక్షతో తూచబోతే తక్కెడ ఎప్పటికీ ఒకవైపే ఒరిగి ఉంటుంది.

అసలు దెబ్బతిన్నవాడికి కావలసింది శిక్షేనా? మెకినన్ కథలో అందరూ ఆగి ఆలోచించాల్సిన మలుపు ఇక్కడే వస్తుంది.

ఆ రాత్రి మెకినన్ కదలకుండా పడి ఉన్నప్పుడు స్టార్మ్ కెప్టెన్ కామెరాన్ స్మిత్ రిఫరీ దగ్గరికి వెళ్లి పెనాల్టీ గురించి వాదించాడు. మెకినన్ తల వంచడంవల్లే ఇలా అయిందన్నది అతని వాదన. కెప్టెన్ అన్నాక తన జట్టు తరఫున మాట్లాడటం మామూలే. స్మిత్ అప్పట్లో ఆస్ట్రేలియా జట్టుకి కూడా కెప్టెన్. ఏడాది దాటాక, 2015 జులైలో, ఒక టీవీ కార్యక్రమంలో ఆ మాటల దృశ్యాన్ని మెకినన్‌కి చూపించారు. చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్న ఆ కుర్రాడికి వచ్చిన కోపం టాకిల్ చేసినవాడికన్నా స్మిత్ మీదే ఎక్కువ కనిపించింది. తాను మెడ విరిగి పడి ఉంటే, పక్కనే నిలబడి తప్పు నాదే అంటాడా అని!

దేశమంతా స్మిత్ మీద విరుచుకుపడింది. గాయం అంత తీవ్రమైనదని ఆ క్షణంలో తనకి తెలియదని అతను చెప్పుకున్నాడు. విలేకరుల ముందు అతని పక్కన కూర్చున్న భార్య కన్నీళ్లు పెట్టుకుంది. ఆ వారంలోనే స్మిత్ కెప్టెన్‌గా ఉన్న క్వీన్స్‌లాండ్ జట్టు న్యూ సౌత్ వేల్స్‌ని 52-6తో చిత్తుగా ఓడించింది. కార్యక్రమం ప్రసారం చేసిన చానల్‌తో మాట్లాడకుండానే ఆ జట్టు వెళ్లిపోయింది.

స్మిత్ నిబంధనల ప్రకారం ఏ తప్పూ చేయలేదు. అతనికి శిక్ష లేదు, ఉండాల్సిన పనీ లేదు. అయినా ఎక్కువ నొప్పి పెట్టింది అదే. ఏడు మ్యాచ్‌లా, పదకొండా అన్న లెక్కలు కావాల్సింది బయట కూర్చున్నవాళ్లకి. పడ్డవాడికి ముందు కావాల్సింది ఎవరో ఒకరు పక్కన కూర్చుని ‘ఎలా ఉంది?’ అని అడగడం. తప్పు ఎవరిదన్న చర్చ తర్వాతైనా పెట్టుకోవచ్చు.

అలా అడిగినవాళ్లూ లేకపోలేదు. 2014 జులైలో లీగ్ ఒక వారం మ్యాచ్‌లన్నిటినీ మెకినన్ పేరుమీద జరిపి అతని కోసం నిధులు పోగుచేసింది. అతనికి జీవితాంతం ఉద్యోగం ఇస్తామని మాట ఇచ్చింది. మెక్లీన్ నిషేధం ముగించుకుని మళ్లీ ఆటలోకి వచ్చాడు. 2017లో దేశం తరఫున కూడా ఆడాడు. అబాట్ కూడా అంతే. హ్యూస్ పోయాక కొద్దిరోజులకే అదే సిడ్నీ మైదానంలో మళ్లీ బంతి అందుకుని ఒక ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీశాడు. వాళ్లలో ఎవరు ఏ రాత్రి ఎన్నిగంటలకి నిద్రలేచి కూర్చున్నారో ఏ స్కోరుకార్డూ చెప్పదు.

మరి ఆ ఏడు మ్యాచ్‌ల తీర్పు తప్పా? కాదు. మనిషిని తలకిందులుగా ఎత్తి వదిలేయడం ఎంత ప్రమాదమో తెలిశాక ఏడు మ్యాచ్‌లు పెద్ద లెక్క కాదు. చిక్కల్లా ఏడు దగ్గర లేదు. అలాంటి ఎత్తివేతలకే, పడ్డవాడు లేచి నడిచాడు కదా అని, అంతకుముందు ఒకటీ రెండూ మ్యాచ్‌లతో సరిపెట్టడంలో ఉంది. ఏమీ కానప్పుడల్లా చూసీచూడనట్టు ఊరుకుని, ఒకరి మెడ విరిగాక నిబంధనల పుస్తకం బయటికి తీస్తే, అది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆ ఆకులు కూడా చివరికి దొరికిన ఒక్కడి నెత్తిన పెట్టడమే. కింద పడి ఏమీ కాని ప్రతి మనిషీ అదృష్టవంతుడే తప్ప, అతణ్ని పడేసినవాడు నిర్దోషి కాదు. రోలండ్ ఎర్రకార్డు చెప్పింది అదే. నష్టం జరగని రోజున గట్టిగా ఉంటే, నష్టం జరిగిన రోజున కసిగా ఉండాల్సిన అవసరం రాదు.

మళ్లీ మన వంటింట్లోకి వద్దాం. గాజు గ్లాసు పగిలింది. పిల్లాడు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. చుట్టూ పెంకులు. అమ్మ చెయ్యి ఎత్తబోయింది. ఇంతలో నానమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

‘కదలకురా నాన్నా, అక్కడే ఉండు. కాల్లో ఏమైనా గుచ్చుకుందా?’

వాడు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ చీపురు తెప్పించి పెంకులు ఊడ్పించింది. తడిగుడ్డతో గచ్చు తుడిపించింది. అంతా అయ్యాక కోడలి వైపు తిరిగి మెల్లిగా అంది.

‘తిట్టాల్సింది నిన్ననమ్మా. స్టీలు గ్లాసు పడ్డప్పుడు.’